బెన్ 10 అభిమానులకు ఒకరితో ఒకరికి ఎందుకు పడదు? తరచుగా అడిగే ప్రశ్నలు

బెన్ 10 అంటే చేతి వాచీతో రకరకాల ఏలియన్లుగా మారే కుర్రాడి కార్టూన్ సీరియల్. కర్నూల్లో నాకు దాని పిచ్చి ఉందని తెలిసినవాళ్లు ఎక్కువగా రెండే అడుగుతారు. కొత్తవాళ్లు "అన్నా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అంటారు. పాతవాళ్లు ఆ వరుసలో నాలుగో సీరియల్ పేరెత్తి "ఆమ్నివర్స్ నీకు నచ్చిందా లేదా, ఒక్క మాటలో చెప్పు" అంటారు. ఒక్క మాటలో చెప్పలేను కాబట్టే ఇదంతా రాస్తున్నాను. అడిగిన ప్రశ్నలనే అడిగినట్టుగా పెట్టాను. కథలోని ముఖ్యమైన మలుపులు కూడా ఇందులో ఉంటాయి. ఇంకా చూడనివాళ్లు అది గుర్తుపెట్టుకుని చదవండి.

బెన్ 10 అంటే ఒకటే సీరియల్ కదా, ఇన్ని పేర్లేంటి?

ఒకటి కాదు, ఐదు. మొదటి బెన్ 10 అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో 2005 డిసెంబరు చివర్లో మొదలై 2008 ఏప్రిల్‌లో ముగిసింది. అదే నెలలో ఏలియన్ ఫోర్స్ మొదలైంది. అది 2010 మార్చి దాకా నడిచింది. తర్వాత అల్టిమేట్ ఏలియన్ 2010 నుంచి 2012 వరకు, ఆమ్నివర్స్ 2012 నుంచి 2014 వరకు వచ్చాయి. ఈ నాలుగూ ఒకే కథకు కొనసాగింపు. బెన్ మొదటిదాంట్లో పదేళ్లవాడు, రెండోదాంట్లో పదిహేనేళ్లవాడు, మూడు, నాలుగులో పదహారేళ్లవాడు. ఐదోది 2016లో వచ్చిన రీబూట్. దాని పేరు కూడా ఉత్త బెన్ 10 మాత్రమే కావడంతో కొత్తవాళ్లు తికమకపడతారు. అందులో కథ మళ్ళీ మొదటికొచ్చింది, బెన్ మళ్ళీ పదేళ్లవాడయ్యాడు. అది 2021 ఏప్రిల్‌లో అయిపోయింది.

దీన్ని పుట్టించింది మ్యాన్ ఆఫ్ యాక్షన్ అనే నలుగురు రచయితల బృందం: డంకన్ రూలో, జో కేసీ, జో కెల్లీ, స్టీవెన్ సీగల్. నలుగురూ కామిక్స్ నుంచి వచ్చినవాళ్లే.

మొదటి సీరియల్ బాగుందని అందరూ ఒప్పుకుంటారు. ఎందుకు?

దాని మొదటి ఎపిసోడ్ ఒక్కటి చూస్తే చాలు. ఎండాకాలం సెలవులు. మ్యాక్స్ తాత తన పాత క్యాంపర్ బండిలో మనవణ్ణీ మనవరాలినీ ఊళ్లు తిప్పడానికి తీసుకెళ్తాడు. బెన్‌కి గ్వెన్ అంటే పడదు. సెలవులన్నీ పాడయ్యాయని మొహం మాడ్చుకుని రాత్రిపూట అడవిలోకి నడుస్తాడు. ఆకాశంలో రాలిపోతున్న చుక్క ఉన్నట్టుండి దారి మార్చుకుని అతని వైపే వస్తుంది. నేల మీద గుంత, గుంతలో గుండ్రటి లోహపు పెట్టె, పెట్టెలో వాచీ. చెయ్యి చాపగానే అది ఎగిరి మణికట్టుకి పట్టుకుంటుంది. లాగినా, పుల్లతో పొడిచినా రాదు. బటన్ నొక్కితే ఒళ్లంతా మంటలతో హీట్‌బ్లాస్ట్ అయిపోతాడు. భయపడతాడు, వెంటనే సరదా పుడుతుంది, ఆ సరదాలో అడవికి నిప్పంటిస్తాడు. గ్వెన్ వచ్చి మంటలార్పే సిలిండర్‌తో అతని మీదే కొడుతుంది. చివరికి ఆ మంటను ఎదురుమంటతో ఎలా ఆపాలో చెప్పేది తాత.

హీరోకి శక్తి వచ్చిన మొదటి గంటలో చేసిన పని తప్పు. దాన్ని సరిదిద్దుకోవడానికి ఇంట్లో పెద్దాయన కావాల్సి వచ్చింది. పదేళ్ల పిల్లాడికి అలాంటి వాచీ దొరికితే ఇలాగే జరుగుతుంది, ఇంకోలా జరగదు. అందుకే నమ్మాం. పైగా ఆ వాచీ నిలకడగా పనిచెయ్యదు. కాసేపు వాడితే ఎర్రగా మెరిసి ఆగిపోతుంది. ఒక ఏలియన్ కావాలని తిప్పితే ఇంకొకటి వస్తుంది. ఫోర్ ఆర్మ్స్ కావాలనుకున్నప్పుడు గ్రే మ్యాటర్ వస్తే ఆ అరచేతి సైజు బుల్లి జీవితోనే ఎలా గెలవాలో ఆలోచించాలి. కథలో మజా అంతా అక్కడుంది.

అయితే దాంట్లో లోపాలే లేవా?

ఉన్నాయి. చాలా ఎపిసోడ్‌లు ఒకే మూసలో ఉంటాయి: కొత్త ఊరు, కొత్త విలన్, చివర్లో ఒక జోకు. డాక్టర్ యానిమో ఒకసారి బాగుంటాడు, మళ్ళీ మళ్ళీ వస్తే విసుగు. ఇప్పుడు పెద్దయ్యాక వరుసగా చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది. రోజుకొకటి చూసే వయసులో తెలియలేదు.

ఏలియన్ ఫోర్స్ వచ్చినప్పుడు కూడా ఇంత గొడవ జరిగిందా?

జరిగింది. ఇప్పుడు ఏలియన్ ఫోర్స్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్లలో చాలామంది అప్పట్లో ముక్కు విరిచినవాళ్లే. మాకు తెలిసిన పది ఏలియన్లూ పోయి స్వాంప్‌ఫైర్, బిగ్ చిల్, ఎకో ఎకో, హ్యూమంగసార్ లాంటి కొత్తవి వచ్చాయి. మొదట్లో మ్యాక్స్ తాత కనపడకుండా పోతాడు. బండి ఖాళీగా ఉంటుంది. పాత విలన్ కెవిన్ ఉన్నట్టుండి మంచివాళ్ల పక్షంలో కూర్చుంటాడు. బొమ్మల గీత కూడా మారింది. గ్లెన్ మురకామి, డ్వేన్ మెక్‌డఫీ చేతికొచ్చాక రంగులు చిక్కబడ్డాయి, మనుషులు పొడుగయ్యారు, సీన్లు ఎక్కువగా రాత్రిపూటకి మారాయి.

నా మటుకు ఈ మొత్తం వరుసలో అన్నిటికంటే గొప్ప పని మొదటి రెండు సీజన్లలో జరిగింది. హైబ్రీడ్ అనే జాతి విశ్వంలో మిగతా అందరినీ నాశనం చెయ్యాలని చూస్తుంటుంది. మేమే శ్రేష్ఠులం, మిగతావాళ్లు పురుగులు అనే అహంకారం వాళ్లది. అసలు కారణం తర్వాత బయటపడుతుంది: తరతరాలుగా తమలో తామే కలుస్తూ రక్తం పలచబడి ఆ జాతికి ఇక పిల్లలే పుట్టరు. తాము చచ్చేలోపు అందరినీ చంపాలన్నది వాళ్ల పంతం. రెండో సీజన్ చివర్లో బెన్ వాళ్లను కొట్టి గెలవడు. తన వాచీ, అంటే ఆమ్నిట్రిక్స్‌లో ఉన్న జీవుల జన్యువులతో ఆ జాతిని బాగుచేస్తాడు. వాళ్లు అసహ్యించుకునే జాతుల అంశే వాళ్లలో కలుస్తుంది, వాళ్లు బతుకుతారు. పిల్లల సీరియల్‌లో యుద్ధం ఇలా ముగియడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ ముగింపు తెలియకుండా "ఏలియన్ ఫోర్స్‌లో ఫైట్లు తక్కువ" అనేవాళ్లతో నాకు వాదన చాలాసేపు పడుతుంది.

మూడో సీజన్ నుంచి చెడిపోయిందంటారు, నిజమేనా?

చెడిపోయిందనను, పలచబడింది. అంత పెద్ద యుద్ధం గెలిచిన కుర్రాడు తర్వాతి సీజన్లో గర్వంతో అల్లరి చేస్తూ కనపడతాడు. గెలుపు తలకెక్కడం సహజమే కాబట్టి అది కథకు మంచి వస్తువు. కానీ దాన్ని లోతుగా చెప్పకుండా జోకుల్లో కలిపేశారు. బెన్ ఎవరి మాటా వినకుండా ఆమ్నిట్రిక్స్‌ని విప్పి మార్చబోతే అది పేలి కెవిన్ ఒళ్లంతా రాయీ లోహమూ కలిసిన ముద్దగా అయిపోతుంది. తప్పు బెన్‌ది, శిక్ష కెవిన్‌కి. ఈ ఒక్క విషయం మీద సీజన్ మొత్తం నడిపి ఉంటే మొదటి రెంటికి దీటుగా నిలబడేది.

మా పాతబస్తీ ఫ్రెండ్ ఒకడు ఈ సీజన్ అసలు చూడనేలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు వాళ్లింట్లో టీవీతో సహా కింది అంతస్తు సామానంతా పోయింది. మళ్ళీ టీవీ కొనేసరికి బెన్ పదహారేళ్లవాడైపోయాడు. అందుకే వాడి మనసులో బెన్ అంటే హైబ్రీడ్‌ని కాపాడిన బెన్. మూడో సీజన్ గురించి మేం ఏం చెప్పినా వాడికి పట్టదు.

అల్టిమేట్ ఏలియన్ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరెందుకు?

మన దగ్గర చాలామంది దాన్ని ముక్కలు ముక్కలుగా చూశారు. మొదటి సీరియల్ ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ పూర్తయ్యే కథ. ఒకరోజు కరెంటు పోయినా నష్టం లేదు. అల్టిమేట్ ఏలియన్ అలా కాదు. అగ్రెగార్ అనే విలన్ అయిదుగురు ఏలియన్లను పట్టుకోవడం, వాళ్ల శక్తుల్ని లాక్కోవడం, పటం ముక్కల కోసం వేట, ఇవన్నీ వరుసగా చూస్తేనే అర్థమవుతాయి. 2012లో కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకి ఆ రోజులు ఎలా గడిచాయో తెలుసు. సరిగ్గా సీరియల్ టైముకి ఫ్యాన్ ఆగిపోయేది. తర్వాత రోజు చూస్తే మధ్యలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. కథ గందరగోళంగా ఉందని ఇప్పటికీ అనేవాళ్లలో సగంమంది దాన్ని వరుసగా చూసి ఉండరు.

వరుసగా చూసినవాళ్లు మాత్రం కెవిన్ కథ దగ్గర ఆగిపోతారు. అగ్రెగార్‌ని ఆపడానికి కెవిన్ తెలిసి తెలిసి బెన్ కొత్త వాచీ అల్టిమేట్రిక్స్ శక్తిని ఒంట్లోకి లాక్కుంటాడు. అలా చేస్తే మతి తప్పుతుందని అతనికి ముందే తెలుసు. తప్పుతుంది కూడా. అప్పుడు బెన్ అతన్ని చంపక తప్పదని నిర్ణయించుకుంటాడు. గ్వెన్ ఒప్పుకోదు. బెన్ చెప్పినదాంట్లో న్యాయముంది, గ్వెన్ పట్టుదలలోనూ న్యాయముంది. మా బ్యాచ్ ఈ ఒక్క విషయం మీద ఉగ్గాని, బజ్జీ చల్లారిపోయేదాకా వాదించుకున్న రోజులున్నాయి. నేను గ్వెన్ పక్షం.

ఇందులోనే విల్ హరాంగ్ అనే టీవీ వ్యాఖ్యాత ఉంటాడు. బెన్ ఎవరో లోకానికి తెలిసిపోయాక రోజూ టీవీలో కూర్చుని అతను హీరో కాదు, ప్రమాదం అని వాదిస్తుంటాడు. ఊరు రెండుగా చీలుతుంది. ఆ సీన్లను అభిమానులు తేలిగ్గా దాటేస్తారు గానీ, మంచి చేసినా జనం ఒక్క మాట మీద ఉండరని పిల్లలకి అంత తేటగా చూపించిన భాగం ఇంకోటి లేదు.

ఆమ్నివర్స్ మీద అంత కోపం ఎందుకు?

ఇదే అసలు గొడవ. కోపానికి కారణాలు నిజమైనవే. ముందు అవి చెప్పి తర్వాత నా మాట చెప్తాను.

మొదటిది గీత. పాత్రల డిజైన్ డెరిక్ వయట్ చేశారు. గీతలు మందంగా, మొహాలు కోణాలుగా, కళ్లు పెద్దగా, రంగులు మెరుస్తూ ఉంటాయి. నాలుగేళ్లపాటు కాస్త నిజం మనుషుల్లా కనపడినవాళ్లు ఉన్నట్టుండి కామిక్ బొమ్మలైపోయారు. ఏలియన్లు కూడా మారాయి. ఫోర్ ఆర్మ్స్‌కి ఆమ్నిట్రిక్స్ గుర్తు మొదటి సీరియల్లో భుజం మీద ఉండేది. ఏలియన్ ఫోర్స్‌లో దాదాపు అందరికీ ఛాతీ మీదికొచ్చింది. ఆమ్నివర్స్‌లో కొంతమందికి నడుం బెల్టు మీదికి దిగింది. బయటివాళ్లకి ఇది చిన్న విషయం. నోట్‌బుక్కుల వెనక పేజీల్లో ఆ బొమ్మలు వేసి వేసి చెయ్యి తిరిగినవాళ్లకి చిన్న విషయం కాదు.

రెండోది కెవిన్. అతను ఆస్మోసియన్ అనే వేరే లోకపు జాతి బిడ్డ అని ఏలియన్ ఫోర్స్ చెప్పింది. అతని తండ్రి మ్యాక్స్ తాతతో కలిసి పనిచేసినవాడని చెప్పింది. ఆ గతం మీదే అతని కథ నడిచింది. ఆమ్నివర్స్ వచ్చి, ఆస్మోసియన్లంటే వేరే జాతి కాదు, మార్పు చెందిన మనుషులే అని తేల్చేసింది. ముందు చూసి ఏడ్చిన సీన్లకు ఆధారం లేకుండా పోయింది.

మూడోది జూలీ. రెండు సీరియళ్లపాటు బెన్‌తో ఉన్న అమ్మాయి. ఆమెతో బంధాన్ని ఆట ఆడుకుంటూ జరిగిన అపార్థంతో తెంచేశారు. అది తేలిక. రచయితలకి ఆ బంధం అక్కర్లేకపోతే అక్కర్లేదు, ఒక మంచి ఎపిసోడ్ ఇచ్చి పంపించాల్సింది. ఇందులో నేను కోపంగా ఉన్నవాళ్లతోనే ఉన్నాను.

ఇంత చెప్పి, ఆమ్నివర్స్‌ని వెనకేసుకొస్తున్నారా?

అవును, మనస్ఫూర్తిగా. దాంట్లో మొత్తం 80 ఎపిసోడ్‌లు. సగంలోనే వదిలేసినవాళ్లు మాల్‌వేర్ అనే విలన్ కథ చూసి ఉండరు. బెన్‌కి పదకొండేళ్లప్పుడు ఫీడ్‌బ్యాక్ అనే ఏలియన్ అంటే ప్రాణం. ప్రతిదానికీ అదే వాడతాడు. మాల్‌వేర్ ఆ ఏలియన్‌ని ఆమ్నిట్రిక్స్‌లోంచి పెరికేస్తాడు. ఆ దెబ్బతో బెన్ వాచీ జోలికే వెళ్లకుండా అయిపోతాడు. ఏలియన్ ఫోర్స్ మొదట్లో బెన్ వాచీ లేకుండా మామూలు కుర్రాడిలా ఫుట్‌బాల్ ఆడుతూ ఎందుకు కనపడ్డాడో మాకు ఎన్నాళ్లూ తెలియలేదు. ఇక్కడ తెలిసింది. పాత కథను తుడిచేసిందని తిట్టే ఈ సీరియలే పాత కథలోని ఖాళీని ఇంత అందంగా పూడ్చింది కూడా.

బెన్‌కి కొత్తగా వచ్చిన జోడీ రూక్ బ్లాంకో ఇంకో కారణం. నియమాలన్నీ కంఠతా పట్టి, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలనుకునే పల్లెటూరి రైతుబిడ్డ. వేరే గ్రహం నుంచి భూమికొచ్చి, భూమి మాటలు అర్థంకాక నెమ్మదిగా నేర్చుకుంటాడు. కర్నూలుకి చదువుకోడానికి పత్తికొండ వైపునుంచో, ఆలూరు వైపునుంచో వచ్చి హాస్టల్లో చేరిన కుర్రాళ్లకి రూక్ వెంటనే నచ్చుతాడు. ఇది నేను చాలామంది దగ్గర గమనించాను. టౌన్లో పుట్టినవాళ్లు కెవిన్ లేడని ఏడుస్తారు, వాళ్లు రూక్ ఉన్నాడని చూస్తారు.

బొమ్మ మారితే అంత బాధపడాలా?

బాధ బొమ్మ గురించి మాత్రమే కాదని నా అభిప్రాయం. బెన్ మాతోపాటు పెరిగాడు. మేం ఐదో క్లాసులో ఉన్నప్పుడు పదేళ్లవాడు, మాకు మీసాలొచ్చే వేళకి అతనికీ గొంతు మారింది. ఇంగ్లీషులో అయితే గొంతే నిజంగా మారింది. చిన్న బెన్‌కి తారా స్ట్రాంగ్, పెద్ద బెన్‌కి యూరీ లోవెంతాల్ చెప్పారు. అలా పెరుగుతూ వచ్చిన కుర్రాడు ఆమ్నివర్స్‌లో వయసుకి పదహారే గానీ చూపుకి చిన్నవాడయ్యాడు, మాటకి అల్లరివాడయ్యాడు. మేం ఇంటర్‌కి, ఎంసెట్ టెన్షన్‌కి వెళ్తున్నాం, అతను వెనక్కి వెళ్తున్నాడు. కోపం అక్కడ పుట్టింది. గీత దానికి కళ్లకి కనపడే గుర్తు అంతే. అప్పుడే కొత్తగా చూడ్డం మొదలుపెట్టిన తొమ్మిదేళ్ల పిల్లలకి ఆ కోపం లేదు, ఎందుకంటే వాళ్లతో అతను సరిగ్గా సమంగా ఉన్నాడు.

డెరిక్ వయట్ 2021 డిసెంబరులో చనిపోయారు. ఆయన ఉన్నన్నాళ్లూ అభిమానులు ఆయన గీతని నిర్దయగా తిట్టారు. గీత నచ్చలేదని చెప్పే హక్కు అందరికీ ఉంది. మనిషిని తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఆయన వేసిన ఏలియన్లలో ఒకదాన్ని కాగితం మీద మళ్ళీ వేసి చూడండి. గీతలు ఎంత తక్కువో, ఆ కాసిన్ని గీతల్లోనే ఎవరు ఎవరో ఎంత దూరం నుంచైనా ఎలా గుర్తుపట్టొచ్చో అప్పుడు తెలుస్తుంది.

రీబూట్ చూసినవాళ్లు నిజమైన ఫ్యాన్స్ కాదంటారు కదా?

ఆ మాట నా ముందు అనకండి. ఈ రీబూట్ 2016లో అమెరికాకంటే ముందు బయటి దేశాల్లో వచ్చింది. అమెరికాలో 2017 ఏప్రిల్‌లో మొదలైంది. ఎపిసోడ్ పదకొండు నిమిషాలే. పాత సీరియల్లో 22 నిమిషాలు ఉండేది. అంత తక్కువ టైంలో విలన్ రావాలి, వాచీ తిరగాలి, గెలవాలి. మాట్లాడుకోడానికి చోటుండదు. మొదటి సీజన్లో అది బాగా దెబ్బతీసింది. తర్వాత కెవిన్ తన సొంత వాచీ యాంటీట్రిక్స్‌తో వచ్చాక కథకు కాస్త బలమొచ్చింది. చివరి స్పెషల్‌లో వేరువేరు లోకాల బెన్‌లను ఒకచోట కలిపారు.

మా పిన్ని కొడుకు దాన్నే చూసి పెరిగాడు. నేను పాతది పెడితే "అన్నా, దీంట్లో ఓవర్‌ఫ్లో లేడేంటి?" అని అడిగాడు. నీళ్ల ఏలియన్ ఓవర్‌ఫ్లో రీబూట్‌లోనే కొత్తగా వచ్చాడు. వాడికి అతనే హీరో. మాకు పాత నీళ్ల ఏలియన్ రిప్‌జాస్ ఎంతో వాడికి ఓవర్‌ఫ్లో అంత. వాడు హీట్‌బ్లాస్ట్ బొమ్మ వేసి నాకు చూపించినప్పుడు, పాతదానిలా లేదని ఏ నోటితో అనగలను?

తెలుగులో చూసినవాళ్లకీ హిందీలో, ఇంగ్లీషులో చూసినవాళ్లకీ అభిప్రాయాలు వేరుగా ఉంటాయా?

ఉంటాయి. కర్నూల్లో ఇది బాగా తెలుస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఫ్రెండ్స్‌లో చాలామంది హిందీలో చూశారు, మేం తెలుగులో చూశాం. ఒకే సీన్ గుర్తుచేసుకుంటే ఎవరి గొంతు వాళ్ల చెవిలో మోగుతుంది. డబ్బింగ్ గొంతు మారిన చోట కోపం గీత మారినప్పటికంటే ఎక్కువగా వస్తుంది. ఇంగ్లీషులో తర్వాత ఇంటర్‌నెట్‌లో చూసినవాళ్లు కాస్త పెద్దరికం చూపిస్తారు. అది అనవసరం. మ్యాక్స్ తాత తెలుగులో "తాత"గానే నాకు దగ్గరయ్యాడు.

గ్వెన్ గురించి అమ్మాయిలు ఏమంటారు?

ఇది ఎక్కువమంది అడగరు గానీ అడగాల్సిన ప్రశ్న. గ్వెన్, బెన్ అన్నదమ్ముల పిల్లలు, పుట్టినరోజు కూడా ఒకటే. మొదటి సీరియల్లో ఆమెకి ఏ వాచీ లేదు. చదువు, తెలివి, తర్వాత చార్మ్‌కాస్టర్ అనే మంత్రగత్తె దగ్గర దొరికిన మంత్రాల పుస్తకం, అంతే. కష్టపడి నేర్చుకుంది. ఏలియన్ ఫోర్స్‌లో మాత్రం నాయనమ్మ వర్డోనా అనోడైట్ జాతిది, ఆ శక్తి రక్తంలోనే ఉంది అన్నారు. మా అక్కకి ఇది ఇప్పటికీ నచ్చదు. "చదివి నేర్చుకున్నదాన్ని పుట్టుకతో వచ్చిందంటే ఆ పిల్ల పడ్డ కష్టం ఏమైనట్టు?" అంటుంది. ఆమె ఫ్రెండ్ మాత్రం ఏలియన్ ఫోర్స్ గ్వెన్నే అసలు గ్వెన్ అంటుంది, ఎందుకంటే అక్కడ ఆమె బెన్ వెనక కాదు, పక్కన నిలబడుతుంది. ఆమ్నివర్స్‌లో ఆమెను కాలేజీకి పంపేసి అప్పుడప్పుడే తీసుకురావడం మీద ఇద్దరికీ ఒకటే కోపం. నాకూ అదే.

ఇన్ని ఏలియన్లు కేవలం బొమ్మలు అమ్ముకోవడానికే పెట్టారా?

బొమ్మల వ్యాపారం పెద్దదే. బందాయ్ చేసిన బొమ్మలు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. రీబూట్‌కి ప్లేమేట్స్ చేసింది. మన దగ్గర చాలామంది కొన్నవి అవి కావు. వన్‌టౌన్ అంగళ్లలో, ఉరుసుల్లో, తిరునాళ్లలో దొరికే ఆకుపచ్చ ప్లాస్టిక్ వాచీలు. పక్కన బటన్ నొక్కితే మూత టప్పున లేస్తుంది, లోపల చిన్న లైటు వెలుగుతుంది, బిళ్ల మీద ఏలియన్ బొమ్మ సగం అచ్చు తప్పి ఉంటుంది. బటన్ సెల్ అయిపోతే మళ్ళీ వేయించేవాళ్లం కాదు, అలాగే పెట్టుకు తిరిగేవాళ్లం.

వ్యాపారం ఉన్నంత మాత్రాన కథలో ప్రాణం లేదనలేం. ఏలియన్ ఎక్స్‌నే చూడండి. దాదాపు ఏదైనా చెయ్యగల శక్తి. అయితే లోపల సెరీనా, బెలికస్ అని రెండు వ్యక్తిత్వాలు ఉంటాయి. ఒకరు ప్రేమ, ఒకరు కోపం. వాళ్లు ఎప్పుడూ వాదించుకుంటూనే ఉంటారు. మూడో ఓటు బెన్‌ది. ఇద్దరు ఒప్పుకుంటే తప్ప వేలు కూడా కదలదు. అంత శక్తి ఉండి రాయిలా నిలబడిపోవడం ఉత్త బొమ్మ అమ్మడానికి రాసే ఆలోచన కాదు.

ఇంత వయసొచ్చాక ఇంకా కార్టూన్లేంటని ఇంట్లో అంటే ఏం చెప్పాలి?

ఏమీ చెప్పక్కర్లేదు. పక్కన కూర్చోబెట్టి మ్యాక్స్ తాత తన ప్రాణం పణంగా పెట్టే ఏలియన్ ఫోర్స్ ఎపిసోడ్ పెట్టండి. మా నాన్న చూశారు. తర్వాత ఆ ముసలాయన బతికే ఉన్నాడా అని రెండు రోజులు అడిగారు.

ఏ వరుసలో చూడాలి?

వచ్చిన వరుసలోనే. మొదటి సీరియల్ మొత్తం చూడలేమంటే మొదటి ఎపిసోడ్, కెవిన్ వచ్చే ఎపిసోడ్‌లు, గోస్ట్‌ఫ్రీక్ అనే ఏలియన్ వాచీలోంచి తప్పించుకునే కథ, పెద్ద విలన్ విల్గాక్స్ వచ్చేవన్నీ చూసి ముందుకెళ్లండి. ఆమ్నిట్రిక్స్‌ని తయారుచేసిన అజ్మత్ మొదటిసారి కనపడే 2007 నాటి సినిమా వదలొద్దు. ఏలియన్ ఫోర్స్ మొదటి రెండు సీజన్లలో ఒక్కటి కూడా దాటెయ్యకండి. అల్టిమేట్ ఏలియన్‌లో అగ్రెగార్ నుంచి కెవిన్ మామూలు మనిషయ్యేదాకా ఆపకుండా చూడండి. ఆమ్నివర్స్‌లో మాల్‌వేర్ కథ అయ్యేదాకా ఏ అభిప్రాయమూ పెట్టుకోకండి. రీబూట్ మాత్రం ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లతో కలిసి చూడండి, ఒంటరిగా వద్దు.

మళ్ళీ తీస్తే మీకు ఏం కావాలి?

22 నిమిషాల ఎపిసోడ్. తాత బండి. పాడయ్యే వాచీ. గ్వెన్ పూర్తి కాలం కథలో ఉండాలి, ఆమె మంత్రం చదివి నేర్చుకున్నదై ఉండాలి. బెన్ మొదటి సీజన్లో పదేళ్లవాడిగా మొదలై, సీరియల్ నడిచినన్నాళ్లూ ఏడాదికో ఏడాది పెరగాలి. తెలుగు డబ్బింగ్‌కి మొదటినుంచి చివరిదాకా ఒకే గొంతులు ఉంచాలి. గీత ఎలా ఉన్నా సరే.